మనోవేదనకు పరిహారం అడిగే ముందు

నాకు తెలిసిన ఒక కళాశాల విద్యార్థిని గురించి వాట్సాప్ గ్రూపుల్లో నీచమైన రాతలు తిరిగినప్పుడు, పోలీసు ఫిర్యాదుతో పని ముగిసిందని పెద్దలందరూ భావించారు. ఆమె నెలల తరబడి అనుభవించిన వేదనకు సివిల్ కోర్టులో నష్టపరిహారం కోరవచ్చన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మన దేశంలో మానసిక క్షోభ ఒక్కటే ఆధారంగా దావా నిలబడటం కష్టం గనుక, సాధారణంగా పరువునష్టం దావాలోనే ఆ క్షోభకు కూడా పరిహారం అడుగుతారు. ఇందుకు గడువు చాలా తక్కువ: 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, రాతలు వెలువడిన నాటి నుంచి ఒక్క సంవత్సరమే. అవమానంతో గడప దాటలేని మనిషికి ఆ ఏడాది ఇట్టే గడిచిపోతుంది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. పైగా, అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు చెల్లించాలి.

స్క్రీన్‌షాట్లు దాచుకున్నంత మాత్రాన సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రాన్ని, అంటే ఆ నకళ్లను ఏ పరికరం నుంచి, ఎలా తీశారో తెలిపే పత్రాన్ని, వాటికి జతచేయాలి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టివేసింది, కాబట్టి దాని కింద కేసు పెట్టిస్తామనే వారిని నమ్మకండి. వైద్యుణ్ని సంప్రదించి ఉంటే, ఆ చీటీలను తేదీల వారీగా భద్రపరిచి న్యాయవాదికి మొదటి రోజే చూపించండి.