స్టాగ్ ఫీల్డ్‌లో ఓ శనివారం

ఈ రోజు శనివారం, పెద్దగా పనులేం లేవు, వారం సరిపడా బట్టలు ఉతికేసి మధ్యాహ్నం అలా నడుచుకుంటూ 56వ వీధిలో స్టాగ్ ఫీల్డ్ దాకా వెళ్లా, యూనివర్సిటీ ఆఫ్ షికాగో వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. టీవీలో చూపించే కాలేజీ ఫుట్‌బాల్‌లాగా లక్షమంది జనం ఉండరిక్కడ, చాలావరకు ఆడే పిల్లల అమ్మానాన్నలు, ఫ్రెండ్సే. ఆటకని స్కాలర్‌షిప్ కూడా ఇవ్వరు, ఇష్టం కొద్దీ ఆడేవాళ్లే అందరూ.

ఇంటర్వెల్‌లో పక్కనే ఉన్న రాట్నర్ సెంటర్‌కి వెళ్లి హైస్‌మన్ ట్రోఫీ చూశా. ఒక చేత్తో బంతి చంకలో ఇరికించుకుని రెండో చెయ్యి ముందుకి చాచి పరిగెత్తే కంచు బొమ్మ. దేశం మొత్తమ్మీద కాలేజీ ఫుట్‌బాల్‌లో బెస్ట్ ప్లేయర్‌కిచ్చే ఆ ట్రోఫీల్లో మొట్టమొదటిది ఇదే, 1935లో ఇక్కడి జే బెర్వాంగర్‌కి వచ్చింది. మరుసటి ఏడాది ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ టీమ్‌లు కాలేజీ ప్లేయర్లని ఎంచుకునే మొదటి డ్రాఫ్ట్‌లో మొదటి పేరూ ఆయనదే, అయినా ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

1892 నుంచి 1932 దాకా స్టాగ్ అనే ఒక్క కోచే ఈ టీమ్‌ని నడిపాడు, ఏడుసార్లు బిగ్ టెన్ అనే యూనివర్సిటీల లీగ్ టైటిల్ గెలిపించాడు. అలాంటి టీమ్ 1939లో మిచిగాన్ చేతిలో 85-0తో ఓడింది, హార్వర్డ్ చేతిలో 61-0, ఒహాయో స్టేట్ చేతిలో మళ్లీ 61-0, ఆ డిసెంబర్‌లోనే యూనివర్సిటీ ప్రెసిడెంట్ హచిన్స్ హయాంలో ఫుట్‌బాల్ మొత్తానికే ఎత్తేశారు. చదువు కోసం ఎంత ధైర్యం చేశాడో అని హచిన్స్‌ని అందరూ మెచ్చుకుంటారు, ఆ నిర్ణయం తప్పని నేనూ అనను, కానీ నా మనసంతా ఆ పిల్లల దగ్గరే ఉంటుంది. ఓడిపోతామని తెలిసి కూడా వారం వారం హెల్మెట్ పెట్టుకుని దిగారు, సీజన్ చివరి దాకా ఆడారు. బెర్వాంగర్‌కి ఎంత గౌరవం ఇస్తామో వాళ్లకీ అంతే ఇవ్వాలి అనిపిస్తుంది నాకు.

టీమ్ పోయాక పాత స్టేడియం స్టాండ్స్ కింద స్క్వాష్ కోర్టులాంటి గదిలో ఫిజిక్స్ శాస్త్రవేత్త ఫెర్మీ వాళ్లు గ్రాఫైట్ ఇటుకలు పేర్చి 1942 డిసెంబర్ 2న మొదటి అణు చైన్ రియాక్షన్ చేశారు. ఇప్పుడా పాత స్టేడియం స్థలంలో రెగెన్‌స్టైన్ లైబ్రరీ ఉంది. ఆటేమో 1969లో తిరిగొచ్చింది, అదీ ఊరికే రాలేదు, 1963లో ఫుట్‌బాల్ వద్దంటూ స్టూడెంట్స్ గ్రౌండ్ మధ్యలో బైఠాయించారు కూడా.

ఆఫీసులో మిచిగాన్‌లో చదివిన మనవాడొకడున్నాడు, ఎప్పుడు ఫుట్‌బాల్ మాటొచ్చినా ఆ 85-0 తీస్తాడు. 1934లో మేం వాళ్లని 27-0తో ఓడించామనీ, ఆ రోజు బెర్వాంగర్‌ని పట్టుకోబోయి అతని మడమ తగిలి కంటి కింద గాయమైన మిచిగాన్ కుర్రాడే తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన ఫోర్డ్ అనీ సోమవారం లంచ్‌లో చెప్పాలి.