కాలవకి అటూ ఇటూ: పుదుచ్చేరి ఇళ్ల మధ్య మూడు రోజులు

కాకినాడ పోర్టు నుంచి వచ్చే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు పుదుచ్చేరి దాకా నడుస్తోంది. చెన్నై మీదుగా వచ్చేవాళ్లకు తీరం వెంట ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఉంది, దాదాపు 150 కిలోమీటర్లు, బస్సులో మూడు నుంచి మూడున్నర గంటలు. రైలు దిగ్గానే ఆటో ఎక్కకండి. స్టేషను పాత పట్నానికి దక్షిణపు అంచున ఉంది, సముద్రం అక్కడినుంచి తీరిగ్గా నడిచినా ఇరవై నిమిషాలే. మేం ముగ్గురం మూడు రోజులూ కాళ్ల మీదే తిరిగాం. ఇక్కడ ఇల్లు చూడాలంటే అదే దారి. వాహనంలో పోతే గోడలు కనబడతాయి తప్ప అరుగులు కనబడవు.

పాత పట్నం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. తూర్పున సముద్రపు ఒడ్డు గూబేర్ ఎవెన్యూ, మిగతా మూడు దిక్కులా చుట్టుతిరిగే పెద్ద రోడ్లు. లోపల వీధులన్నీ గళ్లనోటు పుస్తకంలా నిలువూ అడ్డంగా కోసుకుంటాయి. ఈ గళ్ల పథకం ఫ్రెంచివాళ్లదనుకుంటారు చాలామంది. 1693 నుంచి 1699 దాకా ఊరు డచ్చివాళ్ల చేతిలో ఉన్నప్పుడు గీసిన నక్షా అది. ఫ్రెంచివాళ్లు తిరిగొచ్చి దాన్నే కొనసాగించారు. 1761లో బ్రిటిషు సేన పట్టణాన్ని నేలమట్టం చేసింది. అందుకే ఇప్పుడు మనం ఫొటోలు తీసుకునే ఫ్రెంచి ఇళ్లన్నీ ఆ తరువాత, పాత పునాదుల మీదా పాత వీధి గీతల మీదా లేచినవే.

ఈ గుడ్డును నిలువునా రెండుగా చీలుస్తూ గింజీ సాలై పక్కన ఒక కాలవ పారుతుంది. సముద్రం వైపు ఉన్నది ఒకప్పటి తెల్లవాళ్ల పట్నం, పడమటిది తమిళుల పట్నం. కాలవ వాసన మధ్యాహ్నం బాగానే తగులుతుంది, పొద్దున్నే దాటడం నయం.

మొదటి పొద్దు సముద్రం వైపు తిరిగాం. గూబేర్ ఎవెన్యూలో సాయంత్రం 6 నుంచి మర్నాడు ఉదయం 7:30 దాకా బళ్లను రానివ్వరు. తెల్లవారి ఐదున్నరకల్లా అక్కడుంటే 1836 నాటి పాత లైట్‌హౌస్, గాంధీ విగ్రహం, యుద్ధ స్మారకం అన్నీ ప్రశాంతంగా చూడొచ్చు. ఆ పైన లోపలి వీధుల్లోకి మళ్లాలి: డ్యూమా, రొమెయిన్ రోలాండ్, సఫ్రెన్. నీలం రేకు మీద ఫ్రెంచిలోనూ తమిళంలోనూ వీధిపేర్లు ఉంటాయి.

ఈ వైపు ఇంటిని గుర్తుపట్టడం తేలిక. వీధికి ఎత్తయిన ప్రహరీ, దానికి కమాను తలుపు. గోడమీద సమాన దూరాల్లో ఉబ్బెత్తు స్తంభాలూ, వాటిని కలుపుతూ అడ్డపట్టీలూ ఉంటాయి. అసలు ఇల్లు లోపల, తోటలోకి ముఖం పెట్టి ఉంటుంది. తోటవైపు పెద్ద స్తంభాల వరండా, వెనక వరసగా గదులు, ఎత్తయిన కప్పు, పొడవాటి కిటికీలకు చెక్క రెక్కలు. ఆ రెక్కలు అందం కోసం పెట్టినవి కావు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక ఎండను ఆపి గాలిని లోపలికి వదలడం వాటి పని. హోటళ్లుగా మార్చిన చోట చాలామంది రెక్కల వెనక అద్దం బిగించి ఏసీ పెట్టారు. ఇక ఆ కిటికీ బొమ్మకిందే లెక్క.

పసుపూ తెలుపూ గోడల మధ్య లేత బూడిదరంగుకు తెల్ల అంచు వేసిన భవనాలు తరచూ తగులుతాయి. అవి అరవిందాశ్రమానివి. 1926లో ఏర్పడిన ఆశ్రమానికి ఈ భాగంలో చాలా ఇళ్లున్నాయి. వీధుల్లో సైకిళ్ల మీద కనిపించే బెంగాలీ, ఒడియా, గుజరాతీ పెద్దలు ఎక్కువగా అక్కడివాళ్లే. వీళ్లు కాక మరో రకం పుదుచ్చేరీయులున్నారు: ఫ్రెంచి పాస్‌పోర్టు ఉన్న తమిళులు. 1954 నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది, చట్టపరమైన బదిలీ 1962 ఆగస్టు 16న జరిగింది. అప్పుడు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే వీలు ఇచ్చారు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను మీద బతికిన కుటుంబాలు ఆ వీలు వాడుకున్నాయి. ఫ్రెంచి జాతీయ దినమైన జులై 14న ఇక్కడ ఊరేగింపు జరగడానికి కారణం వాళ్లే. ఎదురింటి తాతగారు తమిళంలో పలకరించి మనవడితో ఫ్రెంచిలో మాట్లాడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

కాలవ దాటాక నా గుండె కుదుటపడింది. ఇక్కడి ఇల్లు మన ఇల్లే. గోదావరి జిల్లాల మండువా లోగిలి ఎరిగినవాళ్లకు వైశ్యాల్ వీధి ఇల్లు ఎవరూ వివరించక్కర్లేదు. వీధి వెంట ముందు తాళ్వారం, అంటే చెక్క స్తంభాల మీద దించిన పెంకుల చూరు. దారినపోయే ఎవరైనా ఎండకూ వానకూ దానికింద నిలబడొచ్చు. దాని వెనక తిణ్ణై, మన అరుగు, తలుపుకు అటూ ఇటూ నున్నటి గచ్చు. చెక్కడపు తలుపు దాటితే చిన్న నడవ, ఆపైన ముట్రం, అంటే మన మండువా. చుట్టూ స్తంభాలు, మధ్యలో ఆకాశం, వాన నీళ్లు పోవడానికి తూము. ఆ వెనక వంటిల్లు, పెరడు. తాళ్వారం అందరిది, అరుగు తెలిసినవాళ్లది, మండువా ఇంటివాళ్లది. వీధి నుంచి లోపలికి ఒక్కో అడుగూ వేసే కొద్దీ హక్కు మారుతుంది. ఫ్రెంచి గోడ ఆ మెట్లన్నీ ఎత్తేసి ఒక్క తలుపు పెట్టింది.

డబ్బున్న వర్తకులు పై అంతస్తు వేసుకున్నప్పుడు రెండు పద్ధతులూ కలిసిపోయాయి. కింద తాళ్వారం, అరుగు, పెంకుల చూరు. పైన కమాను కిటికీలు, ఉబ్బెత్తు స్తంభాలు, పిట్టగోడ, చదును కప్పు. రోడ్డుకు ఎదుటి వైపు నిలబడి చూస్తే ఈ కలయిక తెలుస్తుంది, చూరు కింద నిలబడితే తెలియదు. వైశ్యాల్ వీధిలో ఒక వరుస ఇళ్ల ముఖాలను కలిపి బాగుచేశారు, ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. ఒక్క ఇల్లు బాగుచేస్తే ఫలితం ఉండదు, ఎందుకంటే పక్కగోడలు ఉమ్మడివి, చూరు కూడా ఇంటినుంచి ఇంటికి సాగుతుంది. మధ్యలో ఒకరు చూరు పీకి షట్టరు దించితే నడిచే నీడ అక్కడ తెగిపోతుంది. నెహ్రూ వీధిలో జరిగింది అదే.

లోపలికి వెళ్లి చూడాలనుకునేవాళ్లు పరాయివాళ్ల తలుపు తట్టాల్సిన పనిలేదు. తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి 1908 నుంచి 1918 దాకా ఈ ఊళ్లోనే ఉన్నారు. ఈశ్వరన్ ధర్మరాజా కోయిల్ వీధిలో ఆయన నివసించిన ఇల్లు స్మారకంగా ఉంది. అరుగు, మండువా, పైగదులు వరసగా చూడొచ్చు. ఫ్రెంచి కంపెనీకి దుబాసీగా, అంటే దుబాషీగా, పనిచేసి 1736 నుంచి 1761 దాకా దినచర్య రాసిన ఆనందరంగ పిళ్లై భవంతి బజారు దగ్గర ఆయన పేరున్న వీధిలోనే ఉంది. కింద తమిళ పద్ధతి, పైన ఫ్రెంచి పద్ధతి ఎలా అతికాయో దాని స్తంభాల్లో స్పష్టంగా కనబడుతుంది.

ఇప్పుడు కప్పు సంగతి. ఈ ఊళ్లో పాత ఇల్లు నిలుస్తుందో కూలుతుందో తేల్చేది అదే. పెంకులు లేని చోట చదును కప్పును మద్రాసు టెర్రస్ అంటారు. టేకు దూలాల మీద అడుగు, అడుగున్నర ఎడంతో వాసాలు వేస్తారు. వాటి మీద అంగుళం మందం ఉన్న చిన్న ఇటుకల్ని పక్కకు నిలబెట్టి, వాసాలకు ఏటవాలుగా, సున్నంతో అతికిస్తూ పోతారు. కట్టేటప్పుడు వాసాల మధ్య కింద చెక్క పలకల ఆధారం ఉండదు. మూలనుంచి మొదలుపెట్టి ఒక్కో వరుసా ముందు వరుసను పట్టుకునేలా కడతారు. పైన మూడంగుళాల మేర ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు పరిచి, బెల్లమూ కరక్కాయా నానిన నీళ్లు చల్లుతూ చెక్క బాదులతో రోజుల తరబడి కొడతారు. బాదు ఎగిరిపడేంత గట్టిపడ్డాక పలకల పెంకు వేసి, నీళ్లు జారేలా వాటం ఇస్తారు. గోడకు కూడా గానుగ సున్నమే, పై పూత గవ్వసున్నం, గుడ్డు తెల్లసొన కలిపి నునుపుదేరేదాకా రుద్దింది. ఇప్పటికీ కొన్ని మండువాల స్తంభాలు చెయ్యిపెడితే పాలరాయిలా చల్లగా తగులుతాయి.

ఇది పాడయ్యే దారులు ముఖ్యంగా మూడు. పిట్టగోడ పగుల్లో రావిమొక్క మొలుస్తుంది, వేరు దిగి తేమ దారి చేస్తుంది. ఆ తేమ మొదట తినేది గోడలో దాగిన దూలం కొసను. బయటికి దూలం బాగానే కనిపిస్తుంది, కొస పిండయి ఉంటుంది. సూదిలాంటి ఇనప ఊచతో గుచ్చి చూడటమే పరీక్ష. రెండోది, నీళ్ల ట్యాంకు. లీటరు నీళ్లు కిలో బరువు, వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను. దాన్ని గోడ మీద కాక వాసాల మధ్య పెడితే కప్పు వంగుతుంది. అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది సిమెంటు పూత. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది, నేలనుంచి ఎక్కిన తేమను బయటికి వదులుతుంది. మీద సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి, ఉప్పు పొంగి, ఏడాది రెండేళ్లలో పూత పెచ్చులుగా లేస్తుంది. సముద్రం ఇంత దగ్గరున్న చోట అది ఇంకా త్వరగా జరుగుతుంది. యజమాని మళ్లీ సిమెంటే పూస్తాడు. అది తెలియక చేస్తున్న తప్పే, కానీ ఆ తప్పుతో ఇళ్లు పోతున్నాయి. ఒడ్డునే ఉన్న పాత పురపాలక భవనం మేరీ 2014 నవంబరులో వానల్లో కుప్పకూలింది. ఇప్పుడు కనబడేది అదే నమూనాలో కట్టి 2021లో ప్రారంభించిన కొత్త భవనం.

దక్షిణం వైపు ఖాజీ వీధి, ముల్లా వీధి ముస్లిం పేట. ఇక్కడ అరుగు ఉంటుంది గానీ దానికి చెక్క జాలీ మూసి ఉంటుంది, ఆడవాళ్లు వీధిలోకి కనబడకుండా గాలి వచ్చే ఏర్పాటు. మిషన్ వీధిలో 1791లో పూర్తయిన పెద్ద చర్చి చుట్టూ క్రైస్తవ కుటుంబాలు. ఆదివారం గాంధీ రోడ్డు పొడవునా సంత పెడతారు, ఆ రోజు ఇళ్లు చూసే పని పెట్టుకోకండి, దుకాణాల వెనక ఒక్క అరుగూ కనిపించదు.

బసకు సముద్రం వైపు గదులు ఖరీదు, శని ఆదివారాల్లో మరీ. కాలవకు పడమట పాత ఇంట్లో గది దొరికితే తీసుకోండి. రెండు విషయాలు మాత్రం ముందే అడగాలి: గది మండువాలోకి తెరుచుకుంటుందా (అలాగైతే మిగతా అతిథుల మాటలన్నీ రాత్రి వినబడతాయి), మేడమెట్లు ఎంత నిటారుగా ఉన్నాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే రెండోది ముఖ్యం.

ఊరివాళ్లు ఎక్కువమంది ఈ గుడ్డుకు బయటే ఉంటారు. ముత్యాల్‌పేట, ముదలియార్‌పేట, లాస్‌పేట, రెడ్డియార్‌పాళయం. ఆ చివరి పేరు మన చెవికి తెలిసినదే, దక్షిణాదికి ఎప్పుడో తరలివెళ్లిన తెలుగు రెడ్లే అక్కడ రెడ్డియార్లు. యానాం ప్రజలకు రాజధాని ఇదే కాబట్టి సచివాలయం పనిమీద వచ్చిన తెలుగువాళ్లూ తగులుతుంటారు. ఈ పేటల్లో అద్దెకు దిగాలనుకునేవాళ్లు ఇల్లు చూడాల్సింది నవంబరు, డిసెంబరుల్లో, ఈశాన్య రుతుపవనాల వానలో. రెయిన్‌బో నగర్, కృష్ణా నగర్ పల్లంలో ఉన్నాయి. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు 24 గంటల్లో 45 సెంటీమీటర్లకు మించి వాన పడి ఈ కాలనీలు మునిగాయి. గేటు స్తంభం మీద నీటి మరక ఏ ఎత్తున ఉందో చూడండి, రోడ్డుకంటే గడప ఎన్ని మెట్లు పైన ఉందో లెక్కపెట్టండి. బోరునీళ్లు నోట్లో వేసుకుని చూస్తే ఉప్పు సంగతి తేలుతుంది.

మూడో రోజు సాయంత్రం గాంధీ విగ్రహం నుంచి ఉత్తరానికి నడిచాం. ఎవెన్యూ అయిపోయాక కురుచికుప్పం, దాన్ని దాటితే వైత్తికుప్పం. కుప్పమంటే జాలరిపేట. పట్టణవర్ కులంవాళ్లవి ఇవి, మన వాడబలిజలకూ జాలర్లకూ ఉన్న అలవాట్లే చాలావరకు. ఇళ్లు ఇరుకు, ఒకదానికొకటి ఆనుకుని చిన్న డాబాలు. గుమ్మం ముందు వలలు ఆరేసి, వాటి పక్కనే కూర్చుని బాగుచేస్తుంటారు. వల తొక్కకుండా నడవాలి, అడగకుండా ఫొటో తీయకూడదు. చేపలమ్మే బాధ్యత అమ్మలదే, పొద్దున్నే బుట్టలతో గూబేర్ మార్కెట్‌కు చేరతారు.

పడవలు ఇంటిముందు లేవు. 1980ల్లో దక్షిణాన అరియాంకుప్పం ఏటి ముఖద్వారం దగ్గర ఓడరేవు కోసం రాతి గోడలు కట్టారు. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది. ఆ గోడలు దాన్ని అక్కడే ఆపేశాయి. ఇటు అలలు ఇసుకను తీసుకుపోయాయి, కొత్తది రాలేదు. తీరం కోతపడకుండా బండరాళ్లు పోశారు, దాంతో కోత ఇంకాస్త ఉత్తరానికి జరిగింది. రాళ్ల మీదికి పడవ లాగలేరు కాబట్టి జనం పడవల్ని తేంగాయ్‌తిట్టు రేవులో ఉంచి రోజూ ఊరంతా దాటి వెళ్లాలి. 2018లో సచివాలయం ఎదుట సముద్రంలో మునిగి ఉండే ఉక్కు దిమ్మను దించారు, దాని వెనక ఇసుక కొంత తిరిగి చేరింది, పిల్లలు అక్కడ ఆడుకుంటున్నారు. వైత్తికుప్పం ముందు మాత్రం ఇళ్ల వెనకగోడకూ అలకూ మధ్య ఉన్నవి రాళ్లే.