మేడమ్ బొమ్మలకు పైవైపు ఏది?

మా ఆర్ట్ మేడమ్‌కి 80 ఏళ్లు నిండుతున్నాయి, ఏదో ఒకటి చేయాలి అని పాత విద్యార్థులం అనుకున్నప్పుడు అందరికీ తట్టింది సన్మాన సభే. ఒక సాయంత్రం, నలుగురు వక్తలు, ఒక జ్ఞాపిక. ఫోన్ చేసి చెబితే ఆవిడ అంతా విని, "మరి బొమ్మలు ఎవరైనా చూస్తారా అమ్మా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. అలా సభ కాస్తా ఎగ్జిబిషన్ అయింది, ఆ పని నా మీద పడింది, నాలుగు నెలలు పట్టింది. తమ గురువుకి ఇలాంటిది చేద్దామనుకునే వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి టెన్షన్ జాబితా దగ్గరే. యాభై ఏళ్లుగా వేసిన అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు (ఇది ఫలానా వస్తువు అని గుర్తుపట్టలేని, రంగులూ ఆకారాలూ మాత్రమే ఉండేవి), లెక్కపెడితే 212 తేలాయి, చాలావాటికి పేరూ లేదు, తేదీ లేదు. మొదటిరోజు నేను "నీలం పెద్దది", "నీలం, మూల ఎరుపు" అని రాసుకున్నాను, మర్నాడు చూస్తే ఏది ఏదో నాకే తెలియలేదు. ఇక ఒక్కోదానికీ నంబరు ఇచ్చి, ముందు ఫోటో, వెనక ఫోటో, కొలతలు, ఏ రంగులు, ఎక్కడ పగిలింది, ఎక్కడ చెమ్మ తగిలింది అన్నీ రాయడం మొదలుపెట్టాను. నంబరు కాన్వాస్ మీద రాయకండి, చీటీని దారంతో వెనక చట్రానికి కట్టండి. వెనక ఫోటో మాత్రం మానొద్దు. రంగుల గురించి పాఠాలు చెప్పిన చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1950 నుంచి 1976లో చనిపోయేదాకా చతురస్రాల బొమ్మలు వేస్తూనే ఉన్నాడు, ఏ రంగు వాడాడో, అది ఏ కంపెనీదో బొమ్మ వెనకే రాసి పెట్టుకునేవాడు. మేడమ్ అంత పద్ధతిగా రాయలేదు కానీ, కొన్నిటి వెనక పెన్సిల్‌తో "పసుపు ఎక్కువైంది", "ఆపేయాల్సింది" అని ఉంది. వాటిని చదువుతూ ఒక మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుండిపోయాను.

అసలు కష్టం పైవైపు ఏదో తేల్చడం. మేడమ్ బొమ్మ ముందు సంతకం పెట్టరు. వెనక కట్టిన తీగను బట్టి పోదామంటే, పాత చట్రాలు మళ్లీ మళ్లీ వాడారు కాబట్టి ఆ తీగ ఏ బొమ్మ కోసం కట్టిందో తెలియదు. రంగు కారిన జాడ చూద్దామంటే ఆవిడ కాన్వాస్‌ని తిప్పుతూ వేస్తారు, చుక్కలు మూడు వైపులకీ కారి ఉన్నాయి. పెద్ద మ్యూజియంలకే ఈ పొరపాటు జరిగింది. 1961లో న్యూయార్క్‌లోని మోమా అనే ఆధునిక కళల మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ చేసిన పడవ బొమ్మ 47 రోజులు తలకిందులుగా వేలాడింది, చివరికి చూడటానికి వచ్చినావిడ ఒకరు కనిపెట్టారు. డచ్ చిత్రకారుడు మాండ్రియన్ రంగు టేపులతో చేసిన 1941 నాటి బొమ్మ ఒకటి దశాబ్దాలుగా తలకిందులుగానే ఉందని 2022లో జర్మనీలోని ఒక మ్యూజియంలో బొమ్మల బాధ్యత చూసే క్యూరేటర్ ఒకరు చెప్పారు, కానీ ఇప్పుడు తిప్పితే టేపులు ఊడిపోతాయని అలాగే ఉంచారు. ఇవన్నీ చదివాక ఊహించి పెట్టే ధైర్యం పోయింది. అనుమానం ఉన్న 40 బొమ్మల్నీ ఒక్కొక్కటిగా మేడమ్ ముందు పట్టుకున్నాను. చాలావాటికి వెంటనే చెప్పేశారు. 61వ నంబరు దగ్గర ఆగిపోయారు. నాలుగు వైపులా తిప్పించారు, నా చేతులు లాగేస్తున్నాయి, ఆవిడ చూస్తూనే ఉన్నారు. చివరికి "అప్పుడు ఇటు అనుకున్నాను, ఇప్పుడు ఇలా బాగుంది, ఇలాగే పెట్టు" అన్నారు. రెండు దిక్కులూ జాబితాలో రాసుకున్నాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఆక్రిలిక్ బొమ్మ మీద బబుల్ ర్యాప్ నేరుగా చుట్టకండి, వేడికి రంగు మెత్తబడి ఆ బుడగల గుర్తులు పడతాయి, ముందు గ్లాసైన్ అనే నున్నటి పల్చటి కాగితం వేయాలి. కాగితం మీద వేసిన వాటికి వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వలేదు. గోడకి పెట్టేటప్పుడు బొమ్మ నడిమి భాగం నేల నుంచి 58 అంగుళాల ఎత్తులో ఉండేలా చూశాం.

క్యాప్షన్ల దగ్గర మాత్రం నేనూ మేడమూ వాదించుకున్నాం. జనం "దీని అర్థం ఏంటి" అని అడుగుతారని నేను ఒక్కోదానికీ నాలుగు లైన్లు రాశాను. ఆవిడ ఎర్ర పెన్‌తో అన్నీ కొట్టేశారు. "ఇది సముద్రం అని నువ్వు రాస్తే ఇక సముద్రమే కనిపిస్తుంది, రంగు చూడరు." సంవత్సరం, మీడియం (ఏ రంగులతో, దేని మీద వేశారో) మాత్రమే మిగిలాయి. ఆవిడ చెప్పిందే సరైనదని ఇప్పుడు నమ్మకంగా అంటాను. క్యాప్షన్ల బదులు గదిలో ఎక్కువ స్టూళ్లు వేశాం, జనం కూర్చుని చూశారు.

ఇంత చేసినా సగమే అయిందనిపించింది. ఆవిడ పెయింటరే కాదు, మా అందరి టీచర్. పాఠాన్ని గోడకి ఎలా తగిలిస్తాం? మొదటి నెలంతా మాతో బొమ్మలు వేయించకుండా రంగు కాగితాలే కోయించేవారు. ఒకే బూడిద రంగు ముక్కలు రెండు తీసుకుని, ఒకటి పసుపు మీద, ఇంకోటి ఊదా మీద పెట్టి, రెండూ వేర్వేరు రంగులని చూసేవాళ్లు నమ్మేలా చేయాలి. ఆల్బర్స్ కూడా తన విద్యార్థులతో చేయించిన అభ్యాసమే ఇది. అందుకే గది మధ్యలో ఒక పెద్ద బల్ల వేసి, రంగు కాగితాలూ కత్తెరలూ పెట్టాం, ఎవరైనా కూర్చుని చేయొచ్చని.

ప్రారంభం రోజున ఎవరో మేడమ్‌ని స్టేజీ మీదకి పిలిచారు. ఆవిడ అక్కడ లేరు. చూస్తే బల్ల దగ్గర ఒక పదేళ్ల పిల్ల పక్కన వంగి, "రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి, ఆ పసుపు తీసెయ్యి, వేరేది వెతుకు" అంటున్నారు. మైకులో రెండోసారి పిలిస్తే, ఆగమన్నట్టు చెయ్యి ఊపారు. అందరం ఆగాం.