సోఫా ఎటు, దివాన్ ఎటు: ఒకే ధరలో రెండు 55 అంగుళాల టీవీలు

అమీర్‌పేటలో అయినా కూకట్‌పల్లిలో అయినా షోరూంలోకి అడుగు పెడితే గోడ నిండా టీవీలు, అన్నింట్లోనూ అదే నెమలి, అదే పండ్ల బుట్ట. టీవీ అమ్మడానికే తీసిన వీడియోలవి. వెలుగు, రంగు ఆఖరుకంటా పెంచేసిన షోరూం మోడ్‌లో ఏ టీవీ అయినా కళ్లు చెదరగొడుతుంది. రాత్రి ఎనిమిదింటికి మన హాల్లో ట్యూబులైటు కింద సీరియల్ ఎలా కనిపిస్తుందో ఆ గోడ చెప్పదు.

55 అంగుళాల్లో, 50 నుంచి 70 వేల మధ్యలో, తేల్చుకోలేక తలపట్టుకునేది ఎక్కువగా ఈ రెండింటి మధ్యే. మొదటిది పేరున్న పాత కంపెనీ టీవీ: ఐపీఎస్ ప్యానెల్ (ప్యానెల్ అంటే బొమ్మ కనిపించే తెర, ఐపీఎస్, వీఏ అందులో రెండు రకాలు), 60 హెర్ట్జ్ (తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది), వెనక లైట్లన్నీ ఒక్కసారే పెరిగి ఒక్కసారే తగ్గేది. రెండోది మినీ ఎల్‌ఈడీ: వీఏ ప్యానెల్, 120 లేదా 144 హెర్ట్జ్, వెనక చిన్న చిన్న లైట్లు జోన్లుగా, అంటే భాగాలుగా, విడివిడిగా వెలిగేది. మోడల్ నంబర్లు కావాలనే రాయడం లేదు. ఏడాది తిరిగేసరికి అవి మారిపోతాయి. పైగా ఒకే సిరీస్‌లో ఒక సైజుకు ఒక ప్యానెల్, ఇంకో సైజుకు వేరే ప్యానెల్ వేయడం కంపెనీలకు మామూలే.

ప్యానెల్ ఏదో సేల్స్ అబ్బాయికి తెలియకపోవచ్చు. టీవీకి ఎదురుగా నిలబడి, మనిషి ముఖం కనిపిస్తున్నప్పుడు మెల్లగా పక్కకు నడవండి. చర్మం రంగు పాలిపోయి, బొమ్మంతా సున్నం కొట్టినట్టు తెల్లబడితే వీఏ. రంగు నిలబడి, నలుపు మాత్రం బూడిద రంగులో మెరిస్తే ఐపీఎస్. కొన్ని ఖరీదైన వీఏ ప్యానెళ్లకు పక్క చూపు పెంచే పొర వేస్తారు, అది ఈ ధరలో అరుదు.

ఇక్కడే అసలు తేడా ఉంది. ఐపీఎస్‌కు కాంట్రాస్ట్, అంటే తెలుపుకూ నలుపుకూ వెలుగులో ఉండే తేడా, సుమారు 1000:1, మహా అయితే 1500:1. వీఏకు 3000:1 నుంచి 6000:1 దాకా వస్తుంది, జోన్లు తోడైతే ఇంకా పైకి. లైట్లు ఆర్పేసి రాత్రి సన్నివేశాలున్న సినిమా పెడితే మొదటి టీవీలో ఆకాశం మసి బూడిదలా ఉంటుంది, రెండోదాంట్లో నల్లగా ఉంటుంది. చిన్న పిల్లాడికైనా తెలిసిపోయే తేడా అది. కానీ ట్యూబులైటు వేసి ఉన్నప్పుడు తెర మీద పడే గది వెలుగే నలుపును కొంత తినేస్తుంది. అప్పుడు ఆ తేడా సగానికి సగం కరిగిపోతుంది. పక్క చూపులో వచ్చే లోటు మాత్రం లైటు ఉన్నా లేకపోయినా అలాగే ఉంటుంది.

టేపు తీసి కొలవండి. టీవీకి 7 అడుగుల దూరంలో సోఫా, నడిమధ్య నుంచి 4 అడుగులు పక్కన దివాన్ కాట్ ఉందనుకుంటే, దివాన్ మీద కూర్చున్నవాళ్లు దాదాపు 30 డిగ్రీల వాలు నుంచి చూస్తున్నట్టు. మామూలు వీఏ అక్కడికే రంగు కోల్పోతుంది. మన ఫ్లాట్లలో హాలు, డైనింగు ఒకే పొడుగాటి గది. భోజనం చేస్తూ చూసేవాళ్లు 45 డిగ్రీలు కూడా దాటతారు. పెద్దవాళ్లు దివాన్ మీద, పిల్లలు కింద చాప మీద, మిగతావాళ్లు డైనింగ్ టేబుల్ దగ్గర ఉండే ఇంటికి మొదటి టీవీనే నయం, కాగితం మీద అది ఎంత తక్కువగా కనిపించినా సరే. ఇద్దరు ముగ్గురు ఎదురుగా కూర్చుని రాత్రిపూట ఓటీటీ సినిమాలు చూసే ఇంటికి రెండోదే, ఇంకో మాట లేదు.

ఎత్తు సంగతి కూడా ఇందులోదే. సోఫాలో కూర్చున్నప్పుడు కళ్లు నేల నుంచి 105 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. 55 అంగుళాల తెర ఎత్తు సుమారు 69 సెంటీమీటర్లు కాబట్టి కింది అంచు 70-75 సెంటీమీటర్ల దగ్గర రావాలి. బిల్డర్ ప్లగ్ పాయింట్ నాలుగున్నర అడుగుల ఎత్తున పెట్టాడని టీవీని దాని మీద ఎక్కించేస్తే మెడ నొప్పి ఒక్కటే కాదు, వీఏ తెర కింద నుంచి చూసినా పాలిపోతుంది.

ఇంట్లో ఎక్కువగా నడిచేది కేబుల్ బాక్సే అయితే ప్యానెల్ కన్నా టీవీ లోపలి ప్రాసెసర్ ముఖ్యం. ఎస్‌డీ, అంటే హెచ్‌డీ కాని మామూలు చానెల్ బొమ్మ 720 చుక్కలు అడ్డంగా, 576 నిలువుగా. 4కె తెర 3840, 2160. లెక్క కట్టి చూడండి, ఒక్క చుక్క సరిగ్గా 20 చుక్కలుగా సాగాలి. ఆ సాగదీతలో పాత కంపెనీల చెయ్యి ఇప్పటికీ పైనే ఉంటుంది: ముఖాల అంచులు రంపంలా తెగవు, కింద నడిచే స్క్రోలింగ్ అక్షరాలు చెదరవు. రెండో రకం టీవీల్లో చాలావాటికి ఎస్‌డీ ఇస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా కనిపిస్తాయి. టీవీ మార్చేకన్నా ముందు రోజూ చూసే నాలుగైదు చానెళ్లను హెచ్‌డీకి మార్చుకోవడం చవక. హెచ్‌డీలో ఒక చుక్క 4 చుక్కలే అవుతుంది.

క్రికెట్ కుదుపుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నింద ఎప్పుడూ టీవీ మీదే పడుతుంది. మన ప్రసారాలు సెకనుకు 50 ఫ్రేముల (బొమ్మల) లెక్కన వస్తాయి. సెట్ టాప్ బాక్సు, ముఖ్యంగా ఆండ్రాయిడ్ బాక్సు, 4కె 60 హెర్ట్జ్‌లో పెట్టి ఉంటే 50 ఫ్రేములను 60 చేయడానికి సెకనుకు 10 ఫ్రేములను రెండేసి సార్లు చూపిస్తుంది. బంతి బౌండరీకి పోతున్నప్పుడు కెమెరా తిరిగితే గ్రౌండు తడబడుతూ కదిలేది అందుకే. బాక్సు సెట్టింగుల్లో రిజల్యూషన్‌కు వెళ్లి 1080ఐ లేదా 1080పీ 50 హెర్ట్జ్ పెట్టండి. కుదుపు పోతుంది, మొదటి టీవీలో కూడా. టీవీలోని యాప్‌లలో చూసేటప్పుడు, గూగుల్ టీవీ అయితే, డిస్‌ప్లే సెట్టింగుల్లో మ్యాచ్ కంటెంట్ ఫ్రేమ్ రేట్ అనేది ఉందేమో వెతకండి.

సినిమాలు 24 ఫ్రేములు. 60 హెర్ట్జ్ మీద ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు వస్తుంది, అందుకే నెమ్మదిగా కెమెరా కదిలే చోట కుంటినట్టు ఉంటుంది. 120 హెర్ట్జ్ మీద ప్రతి ఫ్రేమూ 5 సార్లు, సమానంగా. ఇందులో రెండో టీవీది నిజమైన లాభం. దాన్ని పాడుచేసేది డబ్బాలోంచే ఆన్ అయి వచ్చే మోషన్ సెట్టింగు, ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములను కల్పించి చేర్చేది. సినిమా కాస్తా సీరియల్‌లా కనిపిస్తుంది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, శామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ అని ఉంటుంది. సినిమాకు ఆపేయండి. క్రికెట్‌కు కొద్దిగా పెట్టుకున్నా నష్టం లేదు.

హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) గుర్తు రెండు డబ్బాల మీదా ఉంటుంది. హెచ్‌డీఆర్ సినిమాలను ఎక్కువగా 1000 నిట్స్ (తెర వెలుగు కొలత) లెక్కకు తయారు చేస్తారు. జోన్లు లేని మొదటి రకం టీవీ 300-400 దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి హెచ్‌డీఆర్ పెట్టగానే బొమ్మ మామూలుకన్నా చీకటిగా అనిపించవచ్చు. అది టీవీ చెడిపోవడం కాదు. హెచ్‌డీఆర్‌లోనే ఒక రకమైన డాల్బీ విజన్ ఉంటే పగలు బ్రైట్ రకం, రాత్రి డార్క్ రకం ఎంచుకోండి. శామ్‌సంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు, హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. ఇంకో చిక్కు, నెట్‌ఫ్లిక్స్‌లో 4కె ప్రీమియం ప్లాన్‌లోనే వస్తుంది. కింది ప్లాన్ తీసుకుని బొమ్మ బాగాలేదని టీవీని తిట్టి లాభం లేదు.

రెండో టీవీకీ ఒక జబ్బుంది. నల్లటి తెర మీద తెల్లటి సబ్‌టైటిల్ వస్తే అక్షరాల చుట్టూ వెలుగు పొగలా కమ్ముకుంటుంది. జోన్లు ఎంత తక్కువుంటే అంత ఎక్కువ, పక్క నుంచి చూస్తే మరీ ఎక్కువ. జోన్ల వెలుగును విడివిడిగా తగ్గించే లోకల్ డిమ్మింగ్ సెట్టింగును హై నుంచి మీడియంకు దించితే కొంత తగ్గవచ్చు.

పిక్చర్ మోడ్ విషయంలో, రంగులు పెంచేసే వివిడ్ వదిలేసి ఫిల్మ్‌మేకర్ లేదా సినిమా పెట్టండి. మొదట పసుపుగా, చల్లారినట్టు అనిపిస్తుంది, మూడు రోజులు ఓపిక పడితే తర్వాత వివిడ్ చూడలేరు. షార్ప్‌నెస్ దాదాపు కిందికి దించాలి, సోనీలో తప్ప. సోనీలో 50 అంటే ఏమీ కలపనట్టు, 0కు దించితే బొమ్మ మసకబారుతుంది. ప్లేస్టేషన్ లాంటిది తగిలిస్తే ఆ హెచ్‌డీఎంఐ పోర్టును సెట్టింగుల్లో విడిగా తెరవాలి: సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్, శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో డీప్ కలర్. సౌండు రెండింట్లోనూ అంతంత మాత్రమే, సౌండ్‌బార్‌కు విడిగా డబ్బు పక్కన పెట్టుకోవాల్సిందే.

ధర గురించి ఒక్క మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందటి ధర చూపించి ఎవరైనా తగ్గింపు అంటే, అందులో పన్ను వాటా ఎంతో అడగండి.

టీవీ ఇంటికి వచ్చాక గోడకు బిగించే ముందే నేల మీద, మెత్తటి దుప్పటి పరిచి స్టాండు మీద నిలబెట్టి, ఆన్ చేసి చూడండి. యూట్యూబ్‌లో ముదురు బూడిద, లేత బూడిద, నిండు ఆకుపచ్చ తెరల వీడియోలు దొరుకుతాయి. ముదురు బూడిదలో మూలలు తెల్లగా మెరుస్తాయేమో, ఆకుపచ్చలో నిలువు చారలు, మురికి మచ్చలు కనిపిస్తాయేమో చూడాలి. ఇప్పుడు కనిపించిన చార రేపు ప్రతి మ్యాచ్‌లో అవుట్‌ఫీల్డ్ మీద నడుస్తుంది. టెక్నీషియన్ అడిగే సంతకం ఇవన్నీ చూసుకున్నాకే పెట్టండి.

స్టెబిలైజర్ అంటగట్టబోతారు. టీవీ వెనక స్టిక్కర్ చదవండి, చాలావాటి మీద 100-240 వోల్టులు అని ఉంటుంది. వోల్టేజ్ పడిపోతే అదే సర్దుకుంటుంది. అసలు భయం న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగినప్పుడు. ఏప్రిల్, మే గాలివానలకు కొమ్మ విరిగి తీగ మీద పడితే వోల్టేజ్ ఎగబాకి 400 దిక్కు పోవచ్చు. మామూలు స్పైక్ గార్డ్ దాన్ని ఎక్కువసేపు ఆపలేదు, వోల్టేజ్ హద్దు దాటగానే కట్ చేసే ప్రొటెక్టర్ కావాలి. పిడుగుల రోజున ప్లగ్ ఒక్కటే పీకితే సరిపోదు. కేబుల్ వైరు, ఇంటర్నెట్ వైరు బాక్సులోకి వచ్చి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ గుండా మదర్‌బోర్డు దాకా దెబ్బ చేరుతుంది. ఆ వైర్లూ పీకేయండి.