స్టూడెంటే కదా, ఇది చాలు

ముందే చెప్పేస్తున్నా, ఫోన్ కొనలేదు. పొద్దున "ఇవాళ తేల్చేస్తా" అని గొప్పలు పోయి వెళ్లాను కాబట్టి రేపు అందరూ అడుగుతారు. కొనలేదు. ట్యూషన్లు చెప్పిన డబ్బులు తొమ్మిది వేలూ బ్యాంకులోనే ఉన్నాయి. ఫోన్ దిండు కింద బోర్లా పడుకుని ఉంది. ఇది మా రూమ్‌మేట్ సంధ్య లాప్‌టాప్‌లో కొడుతున్నా.

దిండు కింద ఎందుకంటే దానికి దయ్యం పట్టింది. పోయిన వారం నుంచి ఎవరూ ముట్టుకోకుండానే స్క్రీన్ తనంతట తానే నొక్కుకుంటోంది. యాప్‌లు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. మంగళవారం రాత్రి పదకొండూ నలభైకి మా హెచ్ఓడీ మేడమ్‌కి ఫోన్ చేసింది. ఆవిడ ఎత్తారు కూడా. "చెప్పమ్మా, అంతా బాగేనా?" అంటే ఏం చెప్పను? "నేను చేయలేదు మేడమ్, ఫోనే చేసింది" అన్నాను. అప్పటి నుంచి ల్యాబ్‌లో నన్ను చూసి నవ్వుతున్నారు. తిట్టినా బాగుండేది. నిన్న యూపీఐ పిన్ కూడా అదే మూడుసార్లు తప్పు కొట్టేసింది, పేమెంట్లు ఆగిపోయాయి. క్యాంటీన్‌లో టీకి పది రూపాయలు సంధ్యని అడుక్కున్నాను. అది చూసిన చూపు ఇక్కడ రాయను.

సరే, ఇవాళ బస్సులో ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ మీద కోఠీ దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఆబిడ్స్ నడిచాను. దారిలో ఒక పెద్ద షోరూమ్ కనిపిస్తే, ఏసీ ఉంది కదా అని ముందు అందులోకి దూరాను. అదే తప్పు.

కౌంటర్ కుర్రాడు బడ్జెట్ ఎంత అన్నాడు. పన్నెండు అన్నాను (నావి తొమ్మిది, పత్తి డబ్బులు పడితే నాన్న మూడు పంపుతానన్నాడు). ఏం చేస్తుంటారు అన్నాడు. ఎమ్మెస్సీ అన్నాను. "ఓ, స్టూడెంటే కదా, ఇది చాలు మేడమ్ మీకు" అని అన్నిటికంటే కింది అరలోంచి ఒక డబ్బా తీసి ముందు పెట్టాడు.

ఆ అబ్బాయి తప్పుగా ఏమీ అనలేదు. నేను చెప్పిన రేటుకి తగ్గదే చూపించాడు. అయినా ఆ "చాలు" పొద్దున్నుంచీ పంటి సందులో పీచులా ఇరుక్కుంది. నాకేది చాలో నేను చెప్పాలి కదా?

డబ్బా మీద 8 జీబీ ర్యామ్ అని పెద్దక్షరాలు. దాని కింద చీమ తలకాయంత సైజులో 4 ప్లస్ 4 అని ఉంది. అడిగితే, "రెండూ కలిపితే ఎనిమిదే కదా మేడమ్" అన్నాడు. అసలు ర్యామ్ నాలుగే. మిగతా నాలుగూ స్టోరేజీలోంచి తీసి ర్యామ్ అని పిలుస్తారు. బియ్యం డబ్బాలో ఒక మూల పప్పు పోసి, మా ఇంట్లో రెండు డబ్బాలున్నాయి అన్నట్టు. పైగా "జీఎస్టీ తగ్గింది, ఇప్పుడే తీసుకోండి" అన్నాడు. 2025 సెప్టెంబరులో తగ్గింది పెద్ద టీవీలకీ ఏసీలకీ. ఫోన్ల మీద అంతకు ముందూ 18 శాతమే, ఇప్పుడూ 18 శాతమే. అది చెబితే నవ్వి, "మెమరీ చిప్పుల రేట్లు పెరుగుతున్నాయి, వచ్చే నెల ఈ రేటుకి రాదు" అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే, అందుకే ఇంకా మంట.

అన్నిటికంటే తమాషా ఏంటంటే, ఈఎంఐ సంగతి అడగ్గానే ఆ కింది డబ్బా లోపలికి వెళ్లిపోయి పంతొమ్మిది వేలది బయటికొచ్చింది. నెలనెలా కట్టగలిగితే స్టూడెంట్‌ని కాదన్నమాట! నో కాస్ట్ అన్నాడు. నగదుకిచ్చే డిస్కౌంట్ దీనికి ఇవ్వరు, ప్రాసెసింగ్ ఫీజు వేరే, కనబడని వడ్డీ మీద జీఎస్టీ వేరే. పైగా నాకు జీతం లేదు కాబట్టి లోన్ నాన్న పేరు మీద కావాలట. ఇప్పటికే పంట లోను ఉన్న మనిషి. పౌచ్, టెంపర్డ్ గ్లాస్ ఫ్రీ అంటున్నా వినకుండా బయటికొచ్చేశాను.

కానీ నిజంగా నన్ను తినేస్తున్నది ఫోన్ కాదు, రీఛార్జ్. ఫోన్ ఒకసారి కొంటే నాలుగైదేళ్లు లాగొచ్చు. ఈ 28 రోజుల నెల ఎవరు కనిపెట్టారో గానీ, మెస్ బిల్లు నెలకోసారి, ట్యూషన్ డబ్బులు నెలకోసారి, రీఛార్జ్ మాత్రం 28 రోజులకోసారి. జనవరి 1న వేయిస్తే అదే జనవరి 29న మళ్లీ వేయించాలి. ఏడాదికి పన్నెండు నెలలని చిన్నప్పుడు నేర్పారు, వీళ్ల లెక్కలో పదమూడు. నా ప్యాక్ 299, రోజుకి ఒకటిన్నర జీబీ. 2024 జూలై ముందు ఇదే 239. పదమూడుసార్లు 299 అంటే 3,887. ఫోన్‌కి పెట్టుకున్న తొమ్మిది వేలు రెండేళ్ల మూడు నెలల రీఛార్జ్‌కి సరిపోతాయి. ఇది లెక్కేసినప్పుడు నాకు నిజంగా చెమటలు పట్టాయి. 84 రోజులది వేయిస్తే 799, కొంచెం కలిసొస్తుంది. ఏడాదికి నాలుగు వేయించి, చివర మిగిలే రోజులకి ఒక 299 వేసినా 3,495. నాలుగు వందలు మిగులుతాయి. కానీ ఒకేసారి ఎనిమిది వందలు తీయడం అనేది ఒకటుంది చూశారూ, నెల మూడో వారంలో అది మా హాస్టల్లో ఎవరి వల్లా కాదు. డబ్బున్నవాళ్లకే చవగ్గా దొరుకుతుంది.

2022లో ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ చెప్పింది, ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్యాకూ, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ఇంకో ప్యాకూ పెట్టాలని. పెట్టారు. ఏవో కొన్ని. యాప్‌లో వెతుక్కుంటూ కిందికి జరుపుతుంటే మధ్యలో నా దయ్యం వేరేది నొక్కేస్తుంది.

ఇంకో సంగతి. 5జీ ఫోన్ కొంటే డేటా అంతా ఫ్రీయే కదా అంటుంది సంధ్య. కాదే తల్లీ, రోజుకి 2 జీబీ, ఆపైన ప్యాక్ ఉంటేనే ఆ ఫ్రీ. అంటే 5జీ ఫోన్ కొని నా 299తోనే ఉంటే ఎద్దుని కొని బండి కొననట్టే. మాంచెస్టర్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు మొన్నో కథ చెప్పాడు. అక్కడ ఫోనూ సిమ్మూ కలిపి రెండేళ్లకి కాంట్రాక్ట్ ఇస్తారట, నెలనెలా కట్టుకుంటూ పోవడమే. తీరా వెళ్లి అడిగితే, దేశానికి కొత్త కాబట్టి క్రెడిట్ హిస్టరీ లేదని అన్నకి ఇవ్వలేదు. ఇక్కణ్ణుంచి తీసుకెళ్లిన ఫోన్‌లోనే ఉత్త సిమ్ వేసుకుని తిరుగుతున్నాడు. వినగానే కొంచెం సంతోషపడ్డాను. తప్పే.

షోరూమ్ నుంచి నేరుగా జగదీష్ మార్కెట్‌కి వెళ్లాను. సెకండ్‌హ్యాండ్‌వి చూద్దామనే. సంధ్య ముందే పాఠం చెప్పి పంపింది: స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ సొంత నంబరు, వస్తుంది, కేవైఎమ్ అని రాసి ఆ నంబరు 14422కి మెసేజ్ పెట్టు, దొంగ ఫోనని బ్లాక్ చేసిందైతే బ్లాక్‌లిస్ట్ అని వచ్చేస్తుంది, ఆ జవాబు చూడకుండా డబ్బులు తీయకు. రెండు చూశాను, నచ్చలేదు. పక్కనే రిపేరు బల్ల ముందు కూర్చున్న తమ్ముడికి ఊరికే నా దయ్యాన్ని చూపించాను. స్క్రూలు విప్పాడు, డిస్‌ప్లే లేపాడు, భూతద్దం పెట్టి చూశాడు. "కాంబో మార్చాలక్కా. కాపీ పద్నాలుగు వందలు, మంచిది రెండు వేల ఆరొందలు." కాంబో అంటే డిస్‌ప్లే, టచ్ రెండూ కలిపి. తర్వాత చెవి దగ్గరి జాలీ మీద గోరుతో గీకి, "ఇదేందక్కా, పసుపు?" అన్నాడు.

పసుపే.

2020 ఆగస్టు. సెప్టెంబరు 1 నుంచి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలన్నారు. టీవీ ఉంది గానీ, కాలేజీవాళ్లు నోట్సులన్నీ వాట్సాప్‌లో పంపుతామన్నారు. ఇంట్లో ఉన్నది నాన్న కీప్యాడ్ ఫోన్ ఒక్కటే. మూతికి తువ్వాలు చుట్టుకుని నాన్న, వెనకాల నేను, సూర్యాపేటలో ఐదు షాపులు తిరిగాం. ఎక్కడ చూసినా మాలాంటి తండ్రీబిడ్డలే. ఆఖరి షాపులో నాన్న ఫోన్‌ని చేత్తో ముట్టుకోలేదు, వంగి చూసి అడిగాడు.

"దీంట్ల పాఠాలు వస్తయా?"

"అన్నీ వస్తయి పెద్దాయనా."

"అన్నీ వద్దు. పాఠాలే రావాలె."

షాపతను నవ్వాడు. నాన్న నవ్వలేదు. చొక్కా లోపలి జేబుకి పెట్టిన పిన్నీసు తీసి, 7,200 రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఇంటికి రాగానే అమ్మ ఫోన్‌ని దేవుడి ముందు పెట్టి పసుపూ కుంకుమా పెట్టింది. వెనక్కి పెట్టమ్మా అంటే, "బొట్టు ముఖానికి పెడ్తరా, ఈపుకు పెడ్తరా?" అని తడి పసుపు బొటనవేలితో పైన, సరిగ్గా చెవి పెట్టుకునే చోట అద్దింది. మా తమ్ముడు పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచీ ఆ ఫోన్‌లో ఎవరు మాట్లాడినా బావిలోంచి మాట్లాడినట్టే ఉండేది. సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు ఏడో మెట్టు మీద కూర్చునేవాళ్లం, ఆరో మెట్టు మీద రాదు, ఎనిమిదో దాని మీద ఎండ. ఇంటర్ అయిపోయింది, డిగ్రీ అయిపోయింది, ఎమ్మెస్సీ అయిపోవస్తోంది, ఫోన్ అదే.

ఆ రిపేరు తమ్ముడు బ్రష్‌తో రెండుసార్లు అని ఉఫ్ఫని ఊదేశాడు. ఆగమందామనుకునేలోపే పోయింది. పైసలు కూడా తీసుకోలేదు.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేస్తే గొంతు చెవిలోనే ఉన్నంత స్పష్టంగా వినిపించింది. అమ్మకి అంత దగ్గు ఉందని నాకు తెలియదు. "ఎప్పట్నుంచి?" అంటే, "నాల్గు రోజులాయె, ఏం కాదు తియ్యి. కొత్త ఫోన్ తీస్కున్నవా?" అంది. ఇంకా లేదన్నాను. కాసేపు ఆగి, "పాతది ఏం జేస్తవే?" అని అడిగింది.

అక్కడ దొరికిపోయాను. పోయిన దసరాకి ఇంట్లో ఇదే చర్చ. పెద్దమ్మ రోజూ కొడుకుని ఫోన్‌లో చూస్తుందట, మన ఫోన్‌లో రాదా అని అమ్మ అడిగింది. నేను చాలా తెలివిగా, డేటా లేకుండా కాల్స్ వరకే ఉండే ప్యాక్ ఏది చవకో వెతికి వేయించి, "కీప్యాడ్‌కి నెట్ ఎందుకమ్మా, నీకిది చాలు" అన్నాను. అచ్చం ఇవే మాటలు. కింది అరలోంచి తీసి పెట్టాను. షోరూమ్ కుర్రాడు కనీసం మేడమ్ అన్నాడు.

కాబట్టి ఇందాక అనుకున్నదేంటంటే, పాతదానికి పద్నాలుగు వందల కాంబో వేయించి అమ్మకిచ్చేసి, నేను కొత్తది తీసుకోవాలి. రాసే ముందు దాకా అదే ఖాయం. కానీ అప్పుడు అమ్మకీ డేటా ప్యాక్ వేయాలి, అంటే ఇంట్లో ఇంకో పదమూడు నెలల సంవత్సరం మొదలు. అలా కాకుండా, రెండు వేల ఆరొందలది వేయించి పాతదాన్నే నేను వాడుకుంటూ, మిగిలిన డబ్బుతో అమ్మకి ఏదైనా చిన్నది కొంటే? దీనికి అప్‌డేట్లు ఆగిపోయి చాలా రోజులైంది, బ్యాంకు యాప్ ఎన్నాళ్లు పనిచేస్తుందో. దయ్యం అమ్మ చేతిలో ఉంటే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేస్తుందో కూడా ఆలోచించాలి. పెద్దమ్మకి చేస్తే పర్వాలేదు, ఆవిడ ఎలాగూ మేలుకునే ఉంటుంది.

దగ్గుకి అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని మా తమ్ముడికి చెప్పాలి. రేపు, మరిచిపోకుండా.

పోస్ట్ చేద్దామంటే నా ఒకటిన్నర జీబీ ఎనిమిదింటికే అయిపోయింది. సంధ్యది ఉంది, హాట్‌స్పాట్ అడిగితే దుప్పటి ముసుగేసుకుంది. పన్నెండు దాటితే కొత్త డేటా వస్తుంది. ఇంకా ఏడు నిమిషాలుంది.