పాదం గీసిన కాగితం

ఆదివారం, రాత్రి పదిన్నర

చైనా కొత్త సంవత్సరానికి ఇంకా తొమ్మిది రోజులు. పొద్దున కిందికి దిగేసరికి మా సందులో నాలుగు షట్టర్లు మూసున్నాయి. ఒక్కోదాని మీద ఒక ఎర్ర కాగితం, కొత్త ఏడాది ఎనిమిదో రోజున తెరుస్తామని. చీకటితోనే మొదలైన సూట్‌కేసు చక్రాల చప్పుడు మధ్యాహ్నందాకా ఆగలేదు. అందరూ పండక్కి సొంతూళ్ళకి పోతుంటే, దక్షిణ చైనాలోని ఈ షెన్‌జెన్ నగరం ఖాళీ అవుతోంది.

నేనుండేది ఇక్కడి ఫుతియెన్ జిల్లాలోని షియాషాలో. నగరం నాలుగు వైపులా పెరిగాక మధ్యలో మిగిలిపోయిన పాత పల్లె ఇది. హువాంగ్ వంశంవాళ్ళ పూర్వీకుల మందిరం ఇంకా ఉంది. చుట్టూ ఇరుకిరుగ్గా అద్దె మేడలు. వీటిని షేక్‌హ్యాండ్ మేడలంటారు, ఎదురింటి కిటికీలోని మనిషికి చెయ్యి అందుతుంది మరి. నా గదిలో పగలూ లైటు వేసుకోవాల్సిందే.

1980లో షెన్‌జెన్‌ని ప్రత్యేక ఆర్థిక మండలి చేసేనాటికి ఇక్కడి జనం మూడు లక్షల పైచిలుకు. 2020 జనాభా లెక్కల్లో కోటీ డెబ్బై అయిదు లక్షలు. దాదాపు అందరూ ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే. అందుకే పక్కనున్న గ్వాంగ్‌జౌలో, హాంకాంగ్‌లో అక్కడి భాష కాంటనీస్ వినిపిస్తుంటే, ఇక్కడ వీధుల్లో దేశమంతటికీ ఉమ్మడి భాషైన మాండరిన్. పరిచయమైన రెండో నిమిషంలోనే "మీ లావోజ్యా ఎక్కడ?" అని అడుగుతారు. లావోజ్యా అంటే సొంతూరు. మన "మీదేవూరండీ?" లాగే ఉంటుంది, నాకు ప్రాణం లేచొస్తుంది.

మధ్యాహ్నం మీఫెన్, అంటే బియ్యప్పిండి నూడుల్స్, తినడానికి వెళ్ళాను. ఆ కొట్టావిడది హునాన్‌లోని ఛాంగ్‌దే. నేను 'జ్యే' అని పిలుస్తాను, అక్కా అని. బేరం లేదు. బల్ల మీద పిల్లాడి షూ పెట్టె, పక్కన ఒక నోటుబుక్కు కాగితం. దాని మీద పెన్సిలుతో గీసిన పాదం. వాళ్ళబ్బాయిది, పదకొండేళ్ళు. నాయనమ్మ దగ్గర ఉంటాడు. కిందటేడు అంచనాగా కొన్న షూ బిగుతైపోయిందట. అందుకని ఈసారి పాదం గీయించి తెప్పించుకుంది. షూని కాగితం మీద పెట్టి, బొటనవేలి దగ్గర ఎంత ఖాళీ ఉందో వేలితో కొలిచి చూపించింది.

"వస్తే చాలు, నువ్వు షెన్‌జెన్ మనిషివే" అన్న మాట ఈ ఊళ్ళో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆ మాట నాకు చాలా ఇష్టం. నన్నెవరూ పరాయివాడిగా చూడలేదు కూడా. కానీ ఇక్కడి హుకౌ, అంటే ఈ ఊరివాళ్ళుగా సర్కారు దగ్గర నమోదు, ఉన్నది సుమారు మూడో వంతు మందికే. అది లేనివాళ్ళ పిల్లలకి సర్కారు బడిలో సీటు దొరకడం కష్టం. ఆవిడ వచ్చి పద్నాలుగేళ్ళయింది, ఆ పిల్లవాడు మాత్రం ఇంకా రాలేదు.

"నువ్వు ఊరెళ్ళవా?" అంది. మా సంక్రాంతి పోయిన నెలే అయిపోయింది, సెలవు దొరకలేదన్నాను. "మరి పండగపూట ఎవరు వండిపెట్టారు?" అని అడిగింది. నోట మాట రాలేదు. ఆవిడ లోపలికెళ్ళి ఒక సీసా నిండా దువోజ్యావ్ పట్టుకొచ్చింది. ఊరి నుంచి తెచ్చుకున్నదట. పండుమిరపకాయలు తరిగి ఉప్పులో ఊరబెడతారు.

ఇందాక మూత తీస్తే అమ్మ జాడీ వాసనే. వేడన్నంలో నూనె వేసి కలుపుకుని, రెండుసార్లు వడ్డించుకున్నాను.

రేపు సాయంత్రం ఆవిడ రైలు. షూ పెట్టె సూట్‌కేసులో పెడితే నలిగిపోతుందని చేత్తోనే పట్టుకెళ్తానంది.