ఇబాదాన్‌లో మాట్లాడే డోలు నేర్చుకున్నాను

ఉద్యోగం మీద నైజీరియాలోని ఇబాదాన్ వచ్చిన కొత్తలో, పక్కింటివాళ్ళ పెళ్ళిలో మొదటిసారి దుందున్ అనే మాట్లాడే డోళ్ళ మేళం విన్నాను. ఒక పెద్దాయన ఒక్కో అతిథి ముందుకెళ్ళి ఏదో వాయించేవారు, వాళ్ళు మురిసిపోతూ లేచి నాలుగు అడుగులు వేసేవారు. ఏమంటున్నారని అడిగితే, "మా తాతల్ని పొగుడుతున్నారు" అన్నారు. ఇది నేర్చుకోకుండా ఈ ఊరు వదలకూడదనుకున్నాను.

ఆ పెద్దాయనే నాకు గురువయ్యారు. అందరిలాగే నేనూ బాబా అనేవాణ్ణి. వాళ్ళది తరతరాలుగా డోలు పట్టిన ఇల్లు. అలాంటి ఇళ్ళలో పిల్లల పేర్లు 'అయన్'తో మొదలవుతాయి. అయన్ అంటే డోలుకు దేవత.

చిన్నప్పుడు నాలుగేళ్ళు మృదంగం నేర్చుకున్న ధైర్యంతో వెళ్ళాను. రెండు నెలలపాటు బాబా నా మెడలో గుడుగుడు మాత్రమే వేశారు. గిన్నెలాంటి చిన్న డోలు, రెండు తోలు పట్టీలతో వాయించాలి. దాని చర్మం నడుమ అంటించిన ముద్ద చూసి మన మృదంగం మీది నల్లటి కరణి గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది.

అసలు పరీక్ష తర్వాత మొదలైంది. గంగన్ డోలు ఢమరుకంలా నడుము సన్నగా ఉంటుంది. చంక కింద పెట్టి తాళ్ళు నొక్కితే స్వరం పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. కుడిచేత్తో వంకర పుల్ల. నేను లోపల జతులు లెక్కపెట్టుకుంటుంటే బాబా పుల్ల తీసేసుకుని, "ముందు నోటితో చెప్పు" అనేవారు. ఇక్కడివాళ్ళ భాష యోరుబా. దాని మాటకు మూడు స్వర స్థాయిలున్నాయి, డోలు పలికేది వాటినే. కింద, మధ్య, పైన. 'ఒకో'లో రెండక్షరాలూ మధ్యలో పలికితే మొగుడు, చివర పైకెళితే పార, చివర కిందికి దిగితే బండి, రెండూ కిందే ఉంటే ఈటె. వారమంతా ఇదే. ఎడమ చెయ్యి వాచిపోయేది, రాత్రుళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

దుందున్ మీద నైజీరియా సంగీత పరిశోధకుడు అకిన్ యూబా 1990లో ప్రచురించిన పరిశోధన తెచ్చుకుని చదివాను. డోలుకు స్వరాలే తప్ప అక్షరాలు లేవు, ఒక్క మాట వాయిస్తే అది ఏ మాటో తేలదు. అందుకే వాయిద్యకారులు అందరికీ తెలిసిన సామెతలు, వంశాల పొగడ్తలు అందుకుంటారు. బాబా ఎందుకు పొద్దస్తమానం ఒరీకీలు, అంటే ఆ పొగడ్తలు, బట్టీ పట్టిస్తున్నారో అప్పుడర్థమైంది.

ఆట కూడా తప్పలేదు. మోకాళ్ళు వంచి, నడుము ముందుకు వాల్చి, భుజాలతో డోలుకు బదులివ్వాలి. ఆడేవాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో ఒంటికి తెలిస్తేనే వాళ్ళకు వాయించగలం.

ఎనిమిదో నెలలో ఒక బారసాల. గేటు దగ్గర నిలబెట్టి, వచ్చేవాళ్ళకు 'ఎ కా-అబో' వాయించమన్నారు. అంటే రండి, స్వాగతం. మధ్య, పైన, కింద, కింద. ఒక ముసలమ్మ ఆగింది. నా వైపు చూసి "ఎ షే" (థాంక్స్) అంటూ భుజాలు కదిపి, ఒక నైరా నోటు నా చెమట నుదుటికి అంటించింది. ఆ నోటు బాబాకిస్తే, మళ్ళీ నా డోలు తాళ్ళలోనే దోపి, "ఇంకొకరు వస్తున్నారు, వాయించు" అన్నారు.